పల్నాటి బాటలు - కారు స్ప్రింగులు

పూర్వం పల్నాటిలో బండి కొనదలచినవాడు ఇరుసు చూసేవాడు, ఆకులు చూసేవాడు, చక్రం మీది ఇనుప పట్టా చూసేవాడు. స్ప్రింగు ఊసెత్తవలసిన పని అతనికి ఉండేది కాదు. ఆ బండికి స్ప్రింగు అనేదే లేదు. బండిలో పరచిన గడ్డి ఒక స్ప్రింగు. దానిమీద కూర్చున్న మనిషి వెన్నెముక రెండవ స్ప్రింగు. నేడు కాలం మారినది. మాచర్లలోను, గురజాలలోను, నరసరావుపేటలోను ఇంటి ముందు కారు నిలిపి ఉంచిన కుటుంబాలు కొల్లలు. కారు వచ్చినది గనుక కారును గురించిన కోరికలు కూడ వచ్చినవి. వానిలో ఒకటి, యువకుల నోట ఈ మధ్య తరచుగా వినవస్తున్నది, “కాయిలోవర్లు వేయించటం” అనేది.

ఈ ప్రశ్న నా వద్దకు మా ఇంటి నుండే వచ్చినది. నా మేనల్లుడు నరసరావుపేటలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని తల్లి, అనగా మా అక్కయ్య, మాచర్లలో ఉంటుంది. ఆమెకు వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగినది. నెలకొకసారి ఆమెను కారులో కూర్చోబెట్టుకొని వైద్యుని వద్దకు తీసుకొని వస్తాడు. కారుకు ఆరేళ్ల వయస్సు. “మామయ్యా, బండి బాగా ఊగుతున్నది. గతుకులో పడితే క్రింద నుండి దెబ్బ తగులుతున్నది. కాయిలోవర్లు వేయిస్తే ఊగదట, రోడ్డుకు అతుక్కొని పోతుందట. డబ్బు కూడబెట్టినాను. వేయించమంటారా?” అని అడిగినాడు. డబ్బు అతనిది, కోరిక అతనిది, వెనుక సీటులోని వెన్నెముక మాత్రం మా అక్కయ్యది. కనుక తొందరపడి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. విషయాన్ని మొదటి నుండి ఆలోచించుదామన్నాను. ఆనాడు మేమిద్దరం ఆలోచించిన తీరే ఇక్కడ మీకు విన్నవిస్తున్నాను.

సస్పెన్షన్ అనగా చక్రాలకూ కారు శరీరానికీ నడుమ ఉండే ఏర్పాటు. అందులో ప్రధానమైనవి రెండు: స్ప్రింగు, డాంపరు. డాంపరునే మన మెకానిక్కులు షాక్ అబ్జార్బరు అంటారు. ఈ రెండింటి పని ఒకటే అనుకొనటం సామాన్యంగా జరిగే పొరపాటు. స్ప్రింగు బరువును మోస్తుంది. ఎంత బరువు పెడితే అంత కుంగుతుంది, బరువు తీస్తే తిరిగి లేస్తుంది. సాగుదల బలానికి అనుపాతంలో ఉంటుందన్న ఈ నియమాన్ని రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించినాడు. అయితే స్ప్రింగు తాను తీసుకొన్న శక్తిని తనలో దాచుకొనదు, తిరిగి ఇచ్చివేస్తుంది. ఒక గతుకులో కుంగిన కారు పైకి లేస్తుంది, మరల కుంగుతుంది, మరల లేస్తుంది. దీనికి అంతం పలికేది డాంపరు. దానిలో నూనె ఉంటుంది. కడ్డీ కదిలినప్పుడల్లా ఆ నూనె సన్నని రంధ్రాల గుండా పోవలసి వస్తుంది. అప్పుడు ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. స్ప్రింగు అప్పు తీసుకొని తిరిగి ఇచ్చేది. డాంపరు ఆ అప్పును మాఫీ చేసేది.

మరి కాయిలోవర్ అంటే ఏమి? చుట్ట స్ప్రింగు డాంపరు చుట్టూ, దాని మీదుగా అమరి ఉంటుంది గనుక ఆ పేరు వచ్చినది. నిజానికి ఇది కొత్త సంగతి కాదు. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే ఇంజనీరు రూపొందించిన స్ట్రట్‌లో కూడ స్ప్రింగు డాంపరు మీదనే కూర్చుంటుంది. నేడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల వద్ద ఉన్నది అదే. తొలినాటి అంబాసిడర్ కారుకు ముందు మెలిపడే ఉక్కు కడ్డీలు, వెనుక కమాను పట్టీలు ఉండేవి. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు దాని ముందు చక్రాలకు ఈ స్ట్రట్లే ఉన్నవి. ఆ లెక్కన మా మేనల్లుని కారుకు ముందుభాగంలో ఒక విధమైన కాయిలోవర్ మొదటి నుండీ ఉన్నట్లే. బజారులో ఆ పేరుతో అమ్మేదానికి ఒక విశేషం అదనంగా ఉంటుంది. డాంపరు గొట్టం మీద మర చుట్లు తీసి ఉంటవి. స్ప్రింగును మోసే పళ్లెం ఆ మరల మీద పైకీ క్రిందికీ తిరుగుతుంది. దానితో కారు ఎత్తు మార్చవచ్చును. ఖరీదైన వానిలో డాంపరు గట్టిదనాన్ని కూడ ఒక మీట త్రిప్పి మార్చవచ్చును. స్ప్రింగు సాధారణంగా కారుతో వచ్చినదాని కంటె గట్టిగా ఉంటుంది. సారాంశమేమంటే, కాయిలోవర్ మనకు అమ్మేది సుఖాన్ని కాదు, సర్దుకొనే అధికారాన్ని. అధికారం చేతికి వస్తే దానిని వినియోగించే తెలివి, ఓపిక కూడ ఉండవలెను.

గట్టి స్ప్రింగు అంటే ఎంత గట్టి? దీనికి చక్కని లెక్క ఒకటి ఉన్నది. తనమీది బరువుకు స్ప్రింగు 25 సెంటీమీటర్లు కుంగితే ఆ కారు సెకనుకు ఒకమారు ఊగుతుంది. 11 సెంటీమీటర్లే కుంగితే సెకనుకు ఒకటిన్నర మార్లు. 6 సెంటీమీటర్లే కుంగితే రెండు మార్లు. కుటుంబాలకోసం తయారైన కార్లు సాధారణంగా ఒకటికీ ఒకటిన్నరకూ నడుమ ఊగేలా అమర్చబడి ఉంటవి. ఈ ఊపు మనిషి నడకలోని ఊపుకు దగ్గరగా ఉండటం చేత శరీరానికి పరాయిగా తోచదు. పందెపు కార్ల పద్ధతిలో రెండుకు చేర్చవలెనంటే, ఒకటి ఉన్న స్ప్రింగును నాలుగు రెట్లు గట్టి చేయవలసి ఉంటుంది. అంత గట్టిదైన స్ప్రింగు గతుకును తాను మింగక శరీరానికి అందిస్తుంది. కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుండి 8 మార్లు క్రిందుమీదుగా వచ్చే అదురుకు అన్నిటికంటె ఎక్కువగా బాధపడుతుందని పరిశోధకులు నిర్ణయించినారు. స్ప్రింగు గట్టిపడిన కొలది ఆ అదురు సీటులోనికి ఎక్కువగా చేరుతుంది. యువకునికి అది ఉత్సాహం. వెన్నునొప్పి ఉన్నవారికి శిక్ష.

ఇక మన బాటల సంగతి. పల్నాటిలో రెండు రకాల నేలలు కారును రెండు విధాలుగా పరీక్షిస్తవి. ఒకటి నల్లరేగడి. వర్షాకాలంలో నీరు త్రాగి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి నెర్రెలు విచ్చుతుంది. దానిమీద వేసిన తారు రోడ్డు ఏడాది తిరిగేసరికి అలలు అలలుగా తయారవుతుంది. పైకి నున్నగానే కనిపిస్తుంది. కారులో పోతే పడవలో పోయినట్లుంటుంది. లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. రోడ్డులోని అల పొడవు 18 మీటర్లయితే, సెకనుకు ఒకటింబాతిక అలలు చక్రం క్రింద నుండి పోతవి. కారు స్వతస్సిద్ధంగా ఊగే వేగం కూడ దాదాపు అంతే. ఊయలను సరియైన క్షణంలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగినట్లు, కారు ఊపు పెరుగుతుంది. దానిని అణచవలసినది డాంపరు. అది అలసిపోయి ఉంటే ఊపు ఆగదు.

రెండవది రాతి నేల. పిడుగురాళ్ల సున్నపురాయి, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల నాపరాళ్లు, సిమెంటు మోసుకొని పోయే లారీల బరువుకు రోడ్డు అంచులు విరుగుతవి, గుంతలు పడతవి. ఈ గుంతకు పదునైన అంచు ఉంటుంది. ఇక్కడ ఊగేది శరీరం కాదు, చక్రం. అది సెకనుకు పది పన్నెండు మార్లు కొట్టుకొంటుంది. ఇటువంటి చోట చక్రం వెంటనే పైకి లేచి దారి ఇవ్వవలెను. డాంపరు అతిగా బిగిసి ఉంటే చక్రం లేవదు. దానికి బదులు కారే ఎగురుతుంది. కనుక ఒకే ప్రయాణంలో, ఒకే డాంపరు, నెమ్మదిగా వచ్చే అలకు గట్టిగాను, చటుక్కున వచ్చే అంచుకు మెత్తగాను ఉండవలసి వస్తున్నది. మంచి డాంపరు లోపలి కవాటాలు ఈ రెండు ధర్మాలను విడివిడిగా పాటిస్తవి. చౌక కాయిలోవర్‌కు ఉన్న ఒక్క మీట త్రిప్పితే చాలాసార్లు రెండూ కలిసి బిగుస్తవి. అలను ఆపబోయి అంచును పిలిచినట్లవుతుంది.

మా మేనల్లుని మొదటి ఫిర్యాదు “బండి ఊగుతున్నది” అన్నది. ఆరేళ్లు తిరిగిన కారు రేగడి రోడ్డు మీద ఊగుతున్నదంటే స్ప్రింగు మెత్తనిదని అర్థం కాదు. డాంపరు అలసినదని ముందుగా అనుమానించవలెను. జ్వరం వచ్చినవానికి గొంగడి మార్చితే జ్వరం తగ్గదు గదా!

రెండవ ఫిర్యాదు “క్రింద నుండి దెబ్బ తగులుతున్నది” అన్నది. ఇది మరింత జాగ్రత్తగా గమనించదగినది. చక్రం పైకి లేవటానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు వద్ద ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. స్ప్రింగు కుంగి కుంగి ఆ దిమ్మను తాకినప్పుడు మనకు వెన్నులో దెబ్బ తెలుస్తుంది. కారు ఖాళీగా ఉన్నప్పుడు దిమ్మ వరకు 8 సెంటీమీటర్ల ఖాళీ ఉన్నదనుకొందాం. ఐదుగురు ఎక్కి, వెనుక రెండు మూటలు వేస్తే కారు 4 సెంటీమీటర్లు కుంగినదనుకొందాం. గుంతలను మింగటానికి మిగిలినది 4. ఇప్పుడు కాయిలోవర్లు వేసి 3 సెంటీమీటర్లు క్రిందికి దించినాము. స్ప్రింగు ఒకటిన్నర రెట్లు గట్టిది. ఖాళీ కారుకే మిగిలినది 5. మనుషులు ఎక్కితే, స్ప్రింగు గట్టిది గనుక, 2.7 మాత్రమే కుంగుతుంది. చివరకు మిగిలినది 2.3. స్ప్రింగు గట్టిపడినదని సంతోషించేలోగా దాని పనిచేసే చోటు దాదాపు సగమైనది. సస్పెన్షన్‌కు ఈ చోటే ఆస్తి. పల్నాటి వంటి ప్రాంతంలో ఈ ఆస్తిని అమ్ముకొని అందాన్ని కొనుక్కొనటం మంచి బేరం కాదు.

రోడ్డు మీది స్పీడు బ్రేకర్ల విషయం కూడ ఇటువంటిదే. భారత రహదారుల కాంగ్రెసు నిర్దేశం ప్రకారం గుండ్రని స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు కలిగి ఉండవలెను. అటువంటిదాని మీద చిన్న కారు నెమ్మదిగా పోతే, ముందు వెనుక చక్రాలు రెండూ దానిమీదనే ఉంటవి గనుక, కడుపు క్రింద నాలుగున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉన్నా చాలును. కాని ఊళ్లలో కొన్నిచోట్ల రాత్రికి రాత్రి వెలిసే సన్నని దిబ్బ కథ వేరు. అడుగు, అడుగున్నర వెడల్పు మాత్రమే ఉండే ఆ దిబ్బను ముందు చక్రాలు దాటి క్రిందికి దిగుతవి, వెనుక చక్రాలు ఇంకా ఎక్కవు. దాని ఎత్తంతా కారు కడుపునకే ఎదురవుతుంది. ఖాళీగా 17 సెంటీమీటర్ల ఎత్తున్న కారు మనుషులెక్కితే 13కు దిగుతుంది. 12 సెంటీమీటర్ల దిబ్బను తాకీ తాకనట్లు దాటిపోతుంది. పైన చెప్పినట్లు దించిన కారుకు మిగిలేది 11.3. అది తాకుతుంది. 1.7 సెంటీమీటర్ల తేడాలో ఇంజను క్రింది ఆయిలు చాంబరు ప్రాణం ఉన్నది.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పటం లేదు. ఇరవై ఏళ్ల క్రిందట, చదువు ముగిసిన కొత్తలో, మా నాన్నగారి పాత కారు స్ప్రింగులను ఒక దుకాణంలో కోయించినాను. ఆనాడు కాయిలోవర్ కొనే తాహతు లేదు. స్ప్రింగు చుట్టలో ఒకటిన్నర వంతులు కోసివేస్తే కారు దిగుతుందనీ, ఊగదనీ వారు చెప్పినారు. ఆరు చుట్లున్న స్ప్రింగులో ఒకటిన్నర పోతే మిగిలినది నాలుగున్నర. గట్టిదనం మూడవ వంతు పెరిగినది. కారు చూడటానికి ఎంతో అందంగా ఉన్నది. పదిరోజుల తరువాత సాయంకాలం వేళ, కారెంపూడి దాటి మాచర్ల వైపు పోతూ ఉండగా, ఒక సన్నని దిబ్బ మీద ఆయిలు చాంబరు పగిలినది. మా అమ్మ, నేను రోడ్డు ప్రక్కన చీకటిలో మూడు గంటలు నిలబడినాము. లారీ ఒకటి ఆగి మమ్మల్ని ఎక్కించుకొన్నది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవటమే నాకు ఇప్పటికీ గుర్తున్నది. మరునాడు మెకానిక్కు జాకీ ఎత్తి చూపించినాడు: చక్రం వ్రేలాడినప్పుడు పొట్టిదైన స్ప్రింగు తన పీటలో నుండి జారి ప్రక్కకు వచ్చి ఉన్నది. చాంబరు పగలటం ఆనాటి మా అదృష్టమని అప్పుడు తెలిసినది. వేగంగా పోతున్నప్పుడు స్ప్రింగు ఊడితే ఏమయ్యేదో ఊహించుకొనవచ్చును. స్ప్రింగు కోయటం కాయిలోవర్ కాదు, దానికి చౌక ప్రత్యామ్నాయమూ కాదు. అది ఎవ్వరూ చేయరాని పని.

కాయిలోవర్ల గురించి దుకాణాల్లో వినవచ్చే మరొక అపోహను కూడ తొలగించవలెను. “పళ్లెం బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది” అంటారు. ఉక్కుతీగ మందం మారలేదు, చుట్లు మారలేదు. గట్టిదనం ఎట్లా మారుతుంది? కారు బరువు స్ప్రింగు మీద ఉన్నంతకాలం పళ్లెం బిగించటం వలన కారు పైకి లేస్తుంది, అంతే. నాలుగు మూలలనూ కొలత లేకుండా ఇష్టం వచ్చినట్లు బిగిస్తే, కుక్కి మంచానికి ఒక కోడు పొడవైనట్లు బరువు రెండు మూలల మీదకే చేరుతుంది. బ్రేకు వేసినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగుతుంది. ఎత్తు మార్చినప్పుడల్లా చక్రాల అలైన్‌మెంటు, దీపాల వాలు సరిచూడవలెను. దీపం క్రిందికి వాలితే మనకు దారి తక్కువగా కనిపిస్తుంది. పైకి లేస్తే ఎదుటివాని కళ్లు చెదరుతవి. ఇక కాయిలోవర్లలో రెండు జాతులున్నవి. ఒకదానిలో పళ్లెం మాత్రమే కదులుతుంది. దించితే డాంపరు కదిలే చోటు కూడ తగ్గుతుంది. రెండవదానిలో క్రింది పట్టు కూడ మరల మీద కదులుతుంది. డాంపరు తన చోటును కోల్పోదు. రెండవది మేలైనది, ఖరీదు కూడ ఎక్కువ. అయినా చక్రానికీ కారు రెక్కకూ నడుమ ఖాళీ రెండింటిలోను తగ్గుతుందని మరువరాదు.

“దించితే మలుపులో వాలదు గదా” అని మా మేనల్లుడు ప్రశ్నించినాడు. ఇందులో సత్యం ఉన్నది. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు పోయే ప్రభలను చూసినవారికి ఈ సూత్రం వేరుగా చెప్పనవసరం లేదు. ప్రభ ఎంత ఎత్తైతే అంత ప్రమాదంగా ఊగుతుంది. నాలుగు వైపులా మోకులు పట్టి నిలబెట్టవలసి వస్తుంది. బరువు కేంద్రం క్రిందికి వస్తే నిలకడ పెరుగుతుంది. కాని మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారులో ఒక చిక్కున్నది. కారు మలుపులో ఒక అదృశ్యమైన బిందువు చుట్టూ వాలుతుంది. కారును దించినప్పుడు చక్రాన్ని పట్టి ఉంచే క్రింది చేతుల వాలు మారి, ఆ బిందువు బరువు కేంద్రం కంటె వేగంగా క్రిందికి జారుతుంది. రెండింటి నడుమ దూరం పెరిగితే వాలించే బలం కూడ పెరుగుతుంది. కొంత దించితే లాభం. అతిగా దించితే ఆ లాభం పోయి, దానిని ఆపటానికి మరింత గట్టి స్ప్రింగు కావలసి వస్తుంది. ఒక తప్పును మరొక తప్పుతో పూడ్చినట్లవుతుంది.

ముందు వెనుకల పొత్తు మరొక సంగతి. మారిస్ ఓలీ అనే ఇంజనీరు 1930లలో జనరల్ మోటార్స్ సంస్థలో పరిశోధన చేసి, ముందు స్ప్రింగులు వెనుకవాని కంటె కొంచెం నెమ్మదిగా ఊగితే ప్రయాణం సమంగా సాగుతుందని చూపినాడు. గతుకు మొదట ముందు చక్రానికి, తరువాత వెనుక చక్రానికి తగులుతుంది. ఆలస్యంగా మొదలైన వెనుకభాగం కొంచెం త్వరగా ఊగితే ముందుభాగాన్ని అందుకొంటుంది. రెండూ కలిసి లేచి కలిసి దిగుతవి. లేకపోతే కారు తలూపుతుంది. తయారీదారు ఈ లెక్కలన్నీ చూసి స్ప్రింగును ఎంపిక చేస్తాడు. దానిని మార్చేవాడు ఆ లెక్కలను కూడ తిరిగి చూడవలెను.

పోషణ సంగతికి వద్దాం. మర చుట్లు బయటికి కనిపించే వస్తువు దుమ్ములో పనిచేయవలసి ఉన్నది. అందులోను పిడుగురాళ్ల చుట్టుప్రక్కల దుమ్ములో సున్నం ఉన్నది. తడిసిన సున్నం అల్యూమినియంను తింటుంది. పళ్లాలు, బిగింపు చక్రాలు చాలావానిలో అల్యూమినియంవే. వర్షాకాలం రెండు గడిస్తే, మర పట్టివేసి, ఎత్తు మార్చే అధికారం పేరుకే మిగులుతుంది. తరచుగా కడిగి, తుడిచి, నూనె పూసేవానికే అది నిలుస్తుంది. మరికొన్ని కాయిలోవర్లలో పైభాగాన రబ్బరుకు బదులు ఉక్కు గోళపు కీలు ఉంటుంది. పందెంలో అది మంచిదే. ఇంటి కారులో కటకటమనే చప్పుడుగా వినిపిస్తుంది.

చట్టం మాట కూడ చెప్పుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరం జరిగిన సవరణ మేరకు, అనుమతి లేని మార్పునకు ఆరు నెలల వరకు జైలు గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. కనుక పని మొదలుపెట్టక పూర్వమే రవాణా కార్యాలయంలో వ్రాతపూర్వకంగా విచారించటం, బీమా సంస్థకు తెలియజేయటం వివేకం. ప్రమాదం జరిగిన తరువాత ఈ ప్రశ్నలు వేసేది మనం కాదు, ఇతరులు.

అయితే కాయిలోవర్ ఎవ్వరికీ పనికిరాదా? అట్లా అనటం అన్యాయం. చెన్నై సమీపాన ఇరుంగట్టుకోట్టైలోని పందెపు మార్గంలో కారు నడిపి నేర్చుకొనేవానికి, ఒక్కొక్క చక్రం మీది బరువును తూచి సర్దుకొనేవానికి, ప్రతి మార్పునూ ఒక పుస్తకంలో వ్రాసుకొనేవానికి అది నిజంగా గొప్ప సాధనం. ఆ మార్గం నున్నగా ఉంటుంది. కారులో అతను తప్ప మరొకరు ఉండరు. కారును రెండవ వాహనంగా ఉంచుకొని, కేవలం ఆసక్తి కొద్దీ శ్రమపడేవానికి కూడ తప్పు లేదు. కుటుంబమంతటికీ ఒకే కారు ఉన్నవారు మాత్రం ముందుగా తమను తాము ఒక ప్రశ్న వేసుకొనవలెను: నా కారులో లేనిది ఏమి? పాతబడినది ఏమి? లేనిదానికి కొత్త వస్తువు కావలెను. పాతబడినదానికి మరమ్మతు చాలును.

ఈ ప్రశ్నకు సమాధానం ఇంటి వద్దనే కొంతవరకు దొరుకుతుంది. కారు ఒక మూల గట్టిగా నొక్కి వదలండి. అది లేచి నిలిచిపోవలెను. రెండు మూడు మార్లు ఊగితే డాంపరు చచ్చినదని గ్రహించవచ్చును. నిలిచిపోయినంత మాత్రాన బాగున్నదని మాత్రం నిర్ధారించరాదు. ఇది మోటు పరీక్ష. డాంపరు గొట్టం మీద నూనె తడి ఉన్నదేమో చూడండి. టైరు మీద చేయి నిమిరితే ఎత్తుపల్లాలు తగిలినా డాంపరునే అనుమానించవలెను. డ్రైవరు తలుపు వద్ద వ్రాసి ఉన్న మేరకే టైర్లలో గాలి ఉన్నదేమో చూడండి. గాలి ఎక్కువైతే టైరే రాయిలా మారుతుంది. క్రింది చేతుల బుష్షులు పగిలినవేమో, రబ్బరు దిమ్మలు ఉన్నవో అరిగిపోయినవో జాకీ ఎత్తించి చూడండి. ఆ తరువాత ఒక టేపు తీసుకొని, చక్రం మధ్య నుండి పైని రెక్క అంచు వరకు ఖాళీ కారులో ఒకసారి, అందరూ ఎక్కిన తరువాత ఒకసారి కొలిచి వ్రాసుకొనండి. రెండు ప్రక్కలా తేడా ఎక్కువగా ఉంటే ఒక స్ప్రింగు కుంగిపోయినదన్నమాట.

మా మేనల్లుడు ఈ పరీక్షలన్నీ చేసినాడు. వెనుక డాంపర్లు రెండింటికీ నూనె కారుతున్నది. ఒక రబ్బరు దిమ్మ పూర్తిగా లేదు. ఇనుమే ఇనుమును కొడుతున్నది. దెబ్బకు కారణం అదే. టైర్లలో గాలి ఉండవలసినదాని కంటె చాలా ఎక్కువ ఉన్నది. అతడు నాలుగు డాంపర్లు, దిమ్మలు, పైభాగపు రబ్బరులు, అరిగిన బుష్షులు తయారీదారు నిర్దేశించినవే కొత్తవి వేయించినాడు. స్ప్రింగులు బాగానే ఉన్నవని తేలినది గనుక వానిని ముట్టుకొనలేదు. కాయిలోవర్లకని దాచిన సొమ్ములో ఎక్కువ భాగం మిగిలినది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లా అయి, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. అంతకుముందు జిల్లా కార్యాలయాల పనికి గుంటూరు పోయే మాచర్ల, గురజాల ప్రాంతాల వారు ఇప్పుడు ఇక్కడికి వస్తున్నారు. పెద్దలను, రోగులను, పసిపిల్లలను కార్లలో తీసుకొని వచ్చే కుటుంబాలకు ఈ ఆలోచన ఉపకరిస్తుందని నా నమ్మకం. కారు వేగాన్ని ముందు సీటులోనివాడు నిర్ణయిస్తాడు. దాని మంచి చెడ్డలను వెనుక సీటులోనివారు అనుభవిస్తారు. స్ప్రింగు మార్చే ముందు వారిని ఒకమాట అడగటం ధర్మం.

గత నెలలో మా అక్కయ్య మాచర్ల నుండి నరసరావుపేటకు వచ్చినప్పుడు ప్రయాణం ఎట్లా సాగినదని అడిగినాను. “ఏమో తమ్ముడూ, కారెంపూడి ఎప్పుడు దాటినామో తెలియలేదు. నిద్రపట్టినది” అన్నది. మేనల్లుడు నావైపు చూసి నవ్వినాడు. కాయిలోవర్ల మాట అతడు పూర్తిగా మరచిపోయినాడని నేను అనుకొనను. రెండవ కారు కొన్ననాడు, ఆ కారులో ఒంటరిగా తిరిగేనాడు, తప్పక వేయించుకొమ్మని చెప్పినాను.